బిందు సేద్య గొట్టాల తయారీలో కాంతి ఆధారిత తక్షణ పర్యవేక్షణ

బిందు సేద్యంలో వరుస చివరి మొక్కకు కూడా మొదటి మొక్కతో సమానంగా నీరు అందడం ల్యాటరల్ గొట్టం కొలతలపై ఎంతో ఆధారపడి ఉంటుంది. నునుపైన గొట్టంలో ఘర్షణ వలన కలిగే పీడన నష్టం లోపలి వ్యాసపు 4.75 ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం మారకుండా లోపలి వ్యాసం 2 శాతం తగ్గినా పీడన నష్టం సుమారు 10 శాతం పెరుగుతుంది. కంటికి కనిపించని ఈ తేడా పొలంలో నీటి పంపిణీపై ప్రభావం చూపుతుంది.

పాలిథీన్ గుళికలను ఎక్స్‌ట్రూడర్‌లో కరిగించి, వలయాకారపు డై ద్వారా బయటకు నెట్టి, నీటి తొట్టిలో చల్లబరచి ఈ గొట్టాలను తయారు చేస్తారు. గుళికల ప్రవాహ స్వభావం, ద్రవ ఉష్ణోగ్రత, స్క్రూ భ్రమణ వేగం, గొట్టాన్ని లాగే వేగం - వీటిలో ఏది మారినా కొలతలు మారవచ్చు. నిమిషానికి 60 మీటర్ల వేగంతో నడిచే యంత్రం గంటకు 3,600 మీటర్ల గొట్టాన్ని తయారు చేస్తుంది. 1.2 మీటర్ల ఎడంలో ల్యాటరళ్లు వేస్తే ఎకరాకు సుమారు 3,370 మీటర్లు కావాలి. అనగా గంటకొకసారి నమూనా కోసి కొలిచే పద్ధతిలో, రెండు పరీక్షల నడుమ తలెత్తిన లోపం ఒక ఎకరం మొత్తానికి విస్తరించగలదు. తక్షణ పర్యవేక్షణ అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

లేజర్ కొలమానంలో తిరిగే అద్దం ఒక కాంతి కిరణాన్ని స్థిర వేగంతో గొట్టం మీదుగా కదిలిస్తుంది. గొట్టం అడ్డువచ్చినంత సేపు అవతలి గ్రాహకానికి కాంతి చేరదు. ఆ నీడ కాలాన్ని కిరణ వేగంతో గుణిస్తే బయటి వ్యాసం లభిస్తుంది. పరస్పరం లంబంగా ఉన్న రెండు దిశలలో కొలిచినప్పుడు గొట్టం గుండ్రతనం కూడా తెలుస్తుంది. బిగింపుల వద్ద నీరు కారకుండా ఉండడానికి ఈ రెండూ ముఖ్యం. గొట్టంలో డ్రిప్పర్లు అమర్చే యంత్రాలలో రంధ్రం సరైన చోట పడినదీ లేనిదీ కెమెరాల ద్వారా పరిశీలించవచ్చు.

అయితే బయటి వ్యాసం సరిగా ఉన్నంత మాత్రాన లోపలి వ్యాసం సరిగా ఉన్నట్లు కాదు. బయటి కొలతను సైజింగ్ అచ్చు నిలబెడుతున్నప్పుడు, లాగే వేగం తగ్గితే పదార్థం గోడలో చేరి మందం పెరుగుతుంది. లేజర్‌కు ఈ మార్పు కనిపించదు. అందువలన నీటి తొట్టిలో అతిధ్వని గ్రాహకాలను ఉంచి గోడ మందాన్ని కొలిచి, దానికనుగుణంగా లాగే వేగాన్ని సవరిస్తారు. డై నుంచి గ్రాహకం 12 మీటర్ల దూరంలో ఉంటే, 60 మీటర్ల వేగం వద్ద మార్పు గ్రాహకానికి చేరడానికి 12 సెకన్లు పడుతుంది. ఈ ఆలస్యాన్ని లెక్కించక తొందరపడి సవరణలు చేస్తే గొట్టం ఒకసారి పలుచగా, ఒకసారి మందంగా వస్తుంది.

పదార్థ సంఘటనాన్ని తెలుసుకోవడానికి సమీప పరారుణ వర్ణపటాన్ని వినియోగిస్తారు. డై వద్ద నీలమణి కిటికీ గల ప్రోబ్‌ను అమర్చి, కరిగిన పాలిమర్ గుండా కాంతిని పంపి, ఏ తరంగదైర్ఘ్యాల వద్ద కాంతి శోషణ జరిగిందో పరిశీలిస్తారు. పారదర్శక ఫిల్ముల విషయంలో ఈ పద్ధతి ఉపయుక్తం. నల్లని ల్యాటరళ్లలోని కార్బన్ బ్లాక్ ఈ కాంతిని తీవ్రంగా శోషించుకొనుటచే అవతలి వైపుకు సంకేతం అందదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి గొట్టాన్ని కాపాడేది ఆ కార్బన్ బ్లాకే. ఐఎస్ 12786 ప్రమాణం దాని పరిమాణాన్ని 2.5 శాతం వద్ద, 0.5 శాతం హెచ్చుతగ్గులతో నిర్దేశిస్తుంది. దీనిని ప్రయోగశాలలోనే నిర్ధారించవలసి ఉంటుంది.

కావున తక్షణ పర్యవేక్షణ ప్రయోగశాల పరీక్షకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. గొట్టం నాణ్యతను పరిశీలించే విస్తరణ శాస్త్రవేత్తలు బయటి వ్యాసంతో పాటు గోడ మందం నమోదులను, కార్బన్ బ్లాక్ పరిమాణం, వ్యాప్తిపై పరీక్షా ఫలితాలను కూడా అడిగి చూడడం అవసరం. మొదటి రెండూ నీటి పంపిణీకి, మూడవది ఎండలో గొట్టం మన్నికకు సంబంధించినవి.