సొంత కంపెనీలో సొంత జీతం

కొత్త సంస్థ పెట్టినవారి జీతం ముందు ఆ సంస్థ రూపాన్ని బట్టి ఉంటుంది. ఒక్కరి సొంత వ్యాపారమైతే పన్ను లెక్కలో యజమానికి జీతమంటూ లేదు. తీసుకున్నదంతా సొంత వాడకమే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఒప్పందంలో రాసుకోకపోతే పనిచేసే భాగస్వామికీ జీతం రాదు. బంధువులు కలిసి పెట్టే యూనిట్లలో ఇక్కడ తగవులు మొదలవ్వొచ్చు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో మాత్రం డైరెక్టరు జీతం ఖర్చు కిందకే వస్తుంది.

ఎంత అన్నది చేతిలోని డబ్బు చెబుతుంది. అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు యూనిట్ పెట్టారనుకుందాం. బ్యాంకులో 12 లక్షలు, డొక్కల కొనుగోలు, కూలీ, కరెంటు కలిపి నెలకు 80 వేల ఖర్చు. అమ్మకాలు మొదలవకపోయినా 15 నెలలు నెట్టుకురావచ్చు. యజమాని 40 వేలు తీసుకుంటే అది 10 నెలలకు పడిపోతుంది. ఇంటి ఖర్చుకు 20 వేలు చాలితే 12 నెలలు.

అలాగని అసలేమీ తీసుకోకపోవడం త్యాగమేమీ కాదు, లెక్క తప్పడమే. యజమాని కష్టం ఖరీదు కలపని పీచు తాడు ధర చవగ్గా కనిపిస్తుంది. రేపు మేనేజరును పెట్టుకుంటే అదే ధరకు నష్టం వస్తుంది. అందుకే తీసుకోని జీతాన్నీ ధర కట్టేటప్పుడు కలుపుకోవాలి. అమ్మకాలు నిలకడగా ఖర్చులను దాటాక, అదే పనికి బయటివారికిచ్చే జీతం దాకా మెల్లగా పెంచుకోవచ్చు.