మూడు సెకన్ల లెక్క: కదిలే లోగో ఎవరికి, ఎంతవరకు?

హైదరాబాద్‌లో మౌలాలి కమాన్ దగ్గర బస్సెక్కితే కాసేపట్లో ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన ఈసీఐఎల్ ఒకప్పుడు టీవీలు తయారుచేసేది. ఈసీ టీవీ అంటే పాతతరం వాళ్లకు ఇప్పటికీ గుర్తే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో, ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. అందులో మన పల్లెలూ ఉన్నాయి. అక్కడ పెట్టిన టీవీ సెట్లు చేసింది ఈసీఐఎల్.

ఆ ప్రయోగం సాగుతుండగానే, 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడింది. దాని గుర్తుగా తెర మీద వంపులు గిరగిరా తిరిగి, చివరికి ఒక కన్నుగా నిలిచాయి. ఆ గుర్తు గీసింది అహ్మదాబాద్‌లోని డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య. దానికి కదలిక ఇచ్చింది ఆర్.ఎల్. మిస్త్రీ. సంగీతం పండిట్ రవిశంకర్‌ది. కంప్యూటర్ లేదు. గుర్తు నకళ్లను తిప్పుతూ కెమెరాతో ఒక్కో ఫొటో తీశారు. కదిలే లోగో మనకు అంత పాతది.

అప్పట్లో అది పెద్ద సంస్థలకే సాధ్యమైన పని. ఇప్పుడు మౌలాలిలో బేకరీ నడిపేవాళ్లు కూడా ‘లోగో కదలాలి’ అని అడుగుతున్నారు. అడగడంలో తప్పులేదు. అడిగేముందు కొన్ని అంకెలు చూసుకోవాలి.

72 బొమ్మలు

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 3 సెకన్ల లోగో అదే వేగంతో నడవాలంటే 72 బొమ్మలు కావాలి. వాటిని జిఫ్ ఫైల్‌గా చేశారనుకుందాం. జిఫ్ 1987లో పుట్టింది. ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు, అంటే ఒక్కో చుక్కకు ఒక బైట్. 512 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న బొమ్మలో 2,62,144 చుక్కలు. దాన్ని 72తో గుణిస్తే దాదాపు 1 కోటి 89 లక్షల బైట్లు, సుమారు 19 ఎంబీ.

జిఫ్ దీన్ని కుదిస్తుంది. 2 ఎంబీకి దిగిందనుకుందాం. ఇప్పుడు లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో కూర్చుని ఆ బేకరీ వెబ్ పేజీ తెరిచిన ఒక ప్రయాణికురాలిని ఊహించండి. బండి కదులుతుంటే ఆమె ఫోన్‌లో వేగం 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) అందుతోంది అనుకుంటే, ఆ 2 ఎంబీ దిగడానికి 3.2 సెకన్లు పడుతుంది. 3 సెకన్ల బొమ్మ కోసం 3.2 సెకన్ల ఎదురుచూపు! పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. బేకరీ పేజీ అక్కడే వెనకబడిపోయింది.

40 కేబీ తోలుబొమ్మ

దీనికి విరుగుడు మన తోలుబొమ్మలాటలో ఉంది. హనుమంతుడు గెంతడానికి 72 హనుమంతుల్ని చేయరు. ఒక్క బొమ్మ చేసి, కీళ్ల దగ్గర దారాలు కట్టి, పుల్లలతో ఆడిస్తారు. వెక్టర్ యానిమేషన్ కిటుకూ అంతే. బొమ్మ గీతల్ని ఒకసారి పంపి, ‘ఈ గీత ఇక్కడి నుంచి అక్కడికి, ఇంత సేపట్లో’ అని ఫోన్‌కు చెబుతారు. మిగతా ఫ్రేములు ఫోనే గీసుకుంటుంది.

ఈ పద్ధతిలో బాగా వాడుకలో ఉన్న ‘లాటీ’ని ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసింది. ఆ పేరు కత్తిరించిన కాగితపు బొమ్మల నీడలతో 1926లోనే పూర్తి నిడివి చిత్రం తీసిన జర్మన్ కళాకారిణి లొట్టె రైనిగర్ పేరు మీద పెట్టింది. మన తోలుబొమ్మకు ఆ నీడబొమ్మలు దూరపు చుట్టాలే.

సాదా లోగో ఈ రూపంలో 40 కేబీకి వచ్చిందనుకుంటే, అదే 5 ఎంబీపీఎస్‌లో సెకనులో పదిహేనో వంతు సమయం చాలు. వెయ్యిమంది చూస్తే జిఫ్‌కు 2 జీబీ డేటా ఖర్చు, దీనికి 40 ఎంబీ. ఫొటోల్లాంటి బొమ్మలకు, రంగులు కలిసిపోయే పెయింటింగులకు మాత్రం ఈ పద్ధతి పెద్దగా నప్పదు.

1, 5, 3

ఎంతసేపు కదలాలి? థియేటర్లో వైజయంతీ మూవీస్ గుర్తు వచ్చి ఎన్టీఆర్ కృష్ణుడిగా శంఖం పూరిస్తుంటే జనం విజిళ్లు వేస్తూ చూస్తారు. టికెట్ కొని కూర్చున్నవాళ్లు ఎక్కడికీ పోరు. ఫోన్ పట్టుకున్నవాళ్లకు బొటనవేలు చాలు. ఆండ్రాయిడ్ యాప్ తెరుచుకునేటప్పుడు కనిపించే గుర్తు 1 సెకను మించి కదలకపోవడం మంచిదని గూగుల్ చెప్పేది అందుకే.

వెబ్‌సైట్లు అందరికీ వీలుగా ఉండేందుకు పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణాల్లో మరో రెండు అంకెలున్నాయి. చదివే విషయం పక్కన దానంతటదే మొదలైన కదలిక 5 సెకన్లు దాటితే, ఆపే వీలుండాలి. ఏదీ సెకనులో 3 సార్లకు మించి మిరుమిట్లు గొలపకూడదు. కొందరికి అది మూర్ఛ తెప్పించగలదు. కదలికలు తగ్గించమని ఫోన్ సెట్టింగుల్లో పెట్టుకున్నవాళ్లకు నిశ్చల లోగోనే చూపించాలి.

వాట్సాప్ స్టిక్కర్‌గా పంపాలన్నా హద్దులున్నాయి: 512 చుక్కల చదరం, 500 కేబీ లోపు, 10 సెకన్ల లోపు. మనం చేసిన 2 ఎంబీ జిఫ్ అక్కడా పనికిరాదు.

4,500 రూపాయలు

ఇంత చేయించుకున్న గుర్తును రేపు పక్కవీధి షాపు వాడుకుంటే? ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేసుకోవాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో ఒక్కో సరుకు లేదా సేవా తరగతికి రుసుము 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. లోగోతో పాటు వచ్చే ధ్వనినీ నమోదు చేయవచ్చు. 2017 నిబంధనల ప్రకారం 30 సెకన్లు మించని ఎంపీ3 ఇవ్వాలి.

గుర్తును కాగితం మీద చూపించగలగాలని చట్టం అంటుంది. కాబట్టి కదలికను కూడా వరస బొమ్మలుగానే చూపాలి. అంటే, కదిలే లోగోకైనా ఆధారం కదలని బొమ్మే. పైగా షాపు బోర్డు మీద, కేకు డబ్బా మీద, జీఎస్టీ బిల్లు మీద అది ఎలాగూ కదలదు.

దూరదర్శన్ వంపులు ఎంత తిరిగినా, చివరికి నిలిచిన కన్నే దాని గుర్తు. మీ లోగోకూ అదే పరీక్ష పెట్టండి. డిజైనర్‌కు డబ్బులిచ్చే ముందు చివరి ఫ్రేము ఒక్కటే నలుపు తెలుపుల్లో, బొటనవేలి గోరంత సైజులో ప్రింట్ తీయించండి. చూసినవాళ్లు మీ షాపు పేరు చెబితే, అప్పుడు కదిలించండి. చెప్పలేకపోతే ఆ డబ్బు ముందు బొమ్మ మీద పెట్టండి.