వెనకాలే వచ్చే ఇల్లు

ఊళ్ళు తిరగాలనే కోరికా, తిరిగిన చోటల్లా తన ఇల్లు తనకుండాలనే కోరికా మనిషికి ఒకేసారి పుట్టినట్టున్నాయి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి మన కోనసీమవాళ్ళు పూర్వం రెండు సాధనాలు వాడారు. ఒకటి గూడుబండి. అందులో గడ్డి పరిచి, పైన బొంత వేసి, బియ్యపుమూటా వంటగిన్నెలూ సర్దుకుని పిల్లాజెల్లాతో తీర్థానికి బయలుదేరితే, దారిలో ఏ చెట్టుకింద ఎడ్లను విప్పారో ఆ పూటకు అదే ఇల్లు. రెండవది గూటిపడవ. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు సాగినంత మేరా గూటిపడవలు నడిచాయి. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు. లేకపోతే పడవవాళ్ళు గట్టెక్కి, భుజాన తాడు వేసుకుని, లోపల నిద్రపోతున్న సంసారాలతో సహా పడవను లాగుకుపోయేవారు.

అంచేత ఇంటిని కట్టి లాగడమన్నది మనకు మరీ వింత కాదు. ఈ పని అమెరికాలో ఇప్పుడు ఎంతవరకూ వచ్చిందో చెప్పుకుందాం. అక్కడ స్థిరపడిన మన పిల్లలు సెలవుల్లో తీసి పంపే ఫొటోల్లో ఒక్కొక్కప్పుడు ఒక పెద్ద బండి కనిపిస్తుంది. రైలుపెట్టె దారి తప్పి రోడ్డెక్కిందేమో అనిపిస్తుంది. దాని కథ ఇది. వినగా వినగా మన ఊరి ట్రాక్టరు ట్రక్కు కథ కూడా ఇందులోనే ఉందని తెలుస్తుంది.

ఆటవస్తువుల బండి

దాని పేరు టాయ్ హాలరు. మన మాటల్లో ఆటవస్తువులు మోసే బండి. ఆటవస్తువులంటే లక్కపిడతలు కావు. మోటారు సైకిళ్ళూ, ఇసుకదిబ్బల మీద తోలుకునే నాలుగు చక్రాల చిన్న బళ్ళూను. పెద్దరకం బండి 30 అడుగులు మొదలుకుని 44 అడుగుల దాకా పొడవుంటుంది. వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. ఎత్తు ఇంచుమించు 13 అడుగులు. ముందు భాగంలో పడకగది, మధ్య వంటిల్లూ స్నానాలగదీ, వెనక వాహనాల కొట్టు. ఈ కొట్టుకు వెనకగోడే తలుపు. అడుగున బందులుండి, గోడకు గోడే వెనక్కి వాలి నేలకు ఆనుతుంది. దానిమీదుగా వాహనాలను లోపలికి నడిపిస్తారు. ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు మీదికి బల్లల మీదుగా మోటారు సైకిలు ఎక్కించినవాడికి ఆ వాటం వేరే నేర్పనక్కరలేదు. లోపల వాహనాలను పట్టీలతో నాలుగువైపులా బిగించి కట్టాలి. మజిలీ చేరి వాటిని దింపేశాక, గోడలకు మడిచి ఉన్న మంచాలు కిందికి దిగుతాయి. కొట్టు కాస్తా పడకగది అయిపోతుంది.

ఇటువంటి బళ్ళు ఎక్కువగా ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో తయారవుతాయి. కాలిఫోర్నియా దక్షిణపు కొసన గ్లామిస్ అనే చోట గొప్ప ఇసుకదిబ్బలున్నాయి. చలికాలం వచ్చిందంటే ఈ బళ్ళన్నీ అక్కడ బారులు తీరుతాయి.

అయిదో చక్రం

ఈ బండిని తగిలించే పద్ధతిని ఫిఫ్త్ వీల్ అంటారు. అంటే అయిదో చక్రం. తీరా చూస్తే అక్కడ చక్రమేమీ కనిపించదు. ఆ పేరు గుర్రపుబళ్ళ కాలంనాటిది. నాలుగు చక్రాల బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు అటూ ఇటూ తిరగాలి. అందుకని ఇరుసుకూ బండికీ నడుమ ఒక ఇనపచక్రాన్ని పడుకోబెట్టి అమర్చేవారు. నేలను ముట్టని ఆ చక్రమే అయిదోది. మన రెండు చక్రాల బండికి దానితో పని లేదు. ఎడ్లు తిరిగితే కాడి తిరుగుతుంది, కాడితో నొగలు, నొగలతో బండి.

మోటారు యుగంలో ఈ పద్ధతి స్థిరపడిన కథ తమాషా అయినది. 1914లో డెట్రాయిట్ నగరంలో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వర్తకుడు తన విహారపడవను మోటారుకారుతో దూరాన ఉన్న సరస్సుకు తీసుకుపోవాలనుకున్నాడు. ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి చేత ఫోర్డు మోడల్ టీ కారు వెనక తగిలే బండి ఒకటి చేయించాడు. పడవ సుఖంగా చేరింది. తరవాత సిబ్లీ తన కలప మోయడానికి కూడా అటువంటి బళ్ళే చేయించుకున్నాడు. ఫ్రూహాఫ్ పేరు పరిశ్రమకే పేరయింది. ఈనాడు జాతీయ రహదారుల మీద కంటెయినర్లు మోసే పొడుగు లారీల వంశంలో మూలపురుషుడు సరదాకోసం ఒక పడవను మోసిన బండి అన్నమాట.

విమాన నిర్మాతగా ప్రసిద్ధుడైన గ్లెన్ కర్టిస్ 1920ల చివర ఏరోకార్ అనే ఇంటిబండిని తయారుచేశాడు. లాగే కారులో విమానపు చక్రం ఒకటి పడుకోబెట్టి, బండి మేకు దాని నడిమి రంధ్రంలో దిగేట్టు చేశాడు. కుదుపులు రబ్బరు టైరు మింగేసేది. ఆయన బండికి మాత్రం అయిదో చక్రం నిజంగానే ఉండేదన్నమాట.

ఇప్పటి పద్ధతి ఇది. లాగే వాహనం పికప్పు, అంటే వెనక తెరిచిన తొట్టి ఉన్న బలమైన మోటారు. ఆ తొట్టిలో వెనక ఇరుసుకు నేరుగా పైన ఒక ఇనపపలక బిగిస్తారు. ఇంటిబండి ముందు భాగం మిద్దెలాగా ఎత్తుగా ముందుకు పొడుచుకువచ్చి ఆ తొట్టిమీద వాలుతుంది. దాని అడుగున 2 అంగుళాల లావు ఉక్కుమేకు ఉంటుంది. అది పలకలోని దవడల మధ్యకు పోయి బిగుసుకుంటుంది. బిగిసిందని కంటితో చూసుకుని ఊరుకోరు. ఇంటిబండికి బ్రేకు వేసి ఉంచి, పికప్పును ముందుకు మెల్లగా ఒక గుంజు గుంజి చూస్తారు. దవడ సరిగా మూసుకోకపోతే అక్కడే బయటపడుతుంది. లేకపోతే రోడ్డుమీద బయటపడుతుంది.

ఎద్దుమెడ లెక్క

ఇంటిబండి కొనేవాళ్ళు ముందుగా అడిగేది, 'నా పికప్పు ఎన్ని టన్నులు లాగుతుంది?' అని. అడగవలసిన ప్రశ్న అది కాదు. మన బండివాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కొబ్బరికాయలు వేసేటప్పుడు ముందుకు ఎక్కువ వేస్తే కాడి ఎద్దుమెడల మీద కూచుంటుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి. బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. కాస్త ముందుమొగ్గుగా ఉండాలి, మరీ ఉండకూడదు.

ఫిఫ్త్ వీల్ బండికి ఆ కాస్త ఎంతో లెక్క కట్టారు. మొత్తం బరువులో నూటికి 15 నుంచి 25 వంతులు మేకుమీద పడాలి. సామానుతో సహా బండి 16,000 పౌన్లు, అంటే సుమారు 7,250 కిలోలు ఉందనుకోండి. అయిదో వంతు మేకుమీద పడితే 1,450 కిలోలు. ఇనపపలకా, మనుషులూ, పనిముట్లూ కలిసి మరో 350. మొత్తం 1,800 కిలోలు పికప్పు తన వీపున మోయాలి. ఎంత మోయగలదో తలుపు పక్కన అంటించిన చీటీలో ఉంటుంది. చాలా పికప్పులు లాగగలిగినంత లాగక ముందే మోయగలిగినంత మోసేస్తాయి. వెనక ఇరుసుకు జంటచక్రాలున్న పికప్పులు ఈ బళ్ళముందు ఎక్కువగా కనిపించడానికి కారణమిదే.

ఆటవస్తువుల బండితో ఇంకొక చిక్కుంది. దాని కొట్టు ఇరుసుల వెనక ఉంటుంది. మేకునుంచి ఇరుసుల నడిమికి 28 అడుగులు, ఇరుసుల నుంచి వెనక కొట్టు నడిమికి 9 అడుగులు అనుకుందాం. 700 కిలోల ఇసుకబండిని కొట్టులో ఎక్కిస్తే, తక్కెడ సూత్రం ప్రకారం మేకుమీది బరువు 225 కిలోలు తగ్గుతుంది. ఇరుసుల మీద 925 కిలోలు పెరుగుతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడే పికప్పు వీపున ఎక్కువ భారం, నిండాక తక్కువ. ఈ ఎగుడుదిగుళ్ళకు తట్టుకోవడానికే ఖాళీబండిని కావాలని ముందుమొగ్గుగా కడతారు. అది తెలియక వెనక మరీ దట్టిస్తే మేకు తేలికై, వేగంలో తోక ఊగడం మొదలవుతుంది. నీళ్ళ తొట్టిని కూడా మరవకూడదు. 100 గ్యాలన్ల నీళ్ళంటే 378 కిలోలు. తొట్టి ఇరుసులకు ముందుందా వెనకుందా అన్నదాన్నిబట్టి తక్కెడ మారుతుంది.

ఆపడం కష్టం

లాగడం ఇంజను పని. ఆపడం బ్రేకుల పని. వేగం రెట్టింపైతే ఆపడానికి అణచవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఏడు టన్నుల ఇల్లు వెనకనుంచి తోసుకువస్తుంటే పికప్పు బ్రేకులు ఒక్కటే చాలవు. అందుకని ఇంటిబండి చక్రాలకు విడిగా కరెంటు బ్రేకులుంటాయి. అవి ఎంత బలంగా పట్టాలో డ్రైవరు తన చేతిదగ్గర ఉన్న పెట్టెతో సరిచేసుకుంటాడు. ఇంతేకాక, దారిలో మేకు ఊడిపోయిందంటే ఒక సన్నని ఉక్కుతాడు లాగబడి, చిన్న మీట ఊడివచ్చి, బండిలోని బ్యాటరీయే బ్రేకులు వేసేస్తుంది. తాడు తెగిన పడవకు లంగరు దానంతటదే పడినట్టు.

మలుపు తిరిగేటప్పుడు ఇంటిబండి పికప్పు జాడలో రాదు. లోపలివైపుకు కోసుకుని వస్తుంది. మన కాలవగట్ల మలుపుల్లో అయితే సగం ఇల్లు కాలవలో ఉంటుంది. వెనక్కి నడిపేటప్పుడు ఇల్లు ఎడమకు పోవాలంటే చక్రం కుడికి తిప్పాలి. ఇది మాటలతో వచ్చే విద్య కాదు. ఖాళీ మైదానంలో సాధన చేయవలసిందే. కాలిఫోర్నియాలో ఇటువంటి బండి నిండుబరువు పరిమితి 15,000 పౌన్లు దాటితే సొంతానికి నడిపేవాడు కూడా వేరే తరగతి లైసెన్సు తీసుకోవాలి.

ఇల్లుగలవాడి అవస్థ

ధరలో లక్ష డాలర్లు దాటినవి ఉన్నాయి. లాగే పికప్పు ఖరీదు వేరు. నేలమీది ఇంటికి సామాన్యంగా విలువ పెరుగుతుంది. చక్రాలమీది ఇంటికి కొన్న మర్నాటినుంచి తరుగు. చలి ముదరకముందే గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేయకపోతే అవి గడ్డకట్టి గొట్టాలను పగలగొడతాయి. పైకప్పు అతుకుల్లో వాన ఊరిందా అని చూసుకుంటూ ఉండాలి. టైర్లు అరగకపోయినా ఏళ్ళు గడిస్తే రబ్బరు చచ్చిపోతుంది. పైకి కొత్తగా కనిపించే టైరే నడిరోడ్డున పేలుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పెట్రోలు బళ్ళు నిలిపిన కొట్టు పక్కనే మనుషులు పడుకుంటారు. పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ చాలు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానిని పసికట్టి గంట కొట్టే యంత్రం బండిలో ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చూసుకోకుండా పడుకోకూడదు.

ఇన్ని హంగులున్న ఈ ఇంట్లో ఒక కట్టడి ఉంది. బండి నడుస్తున్నంతసేపూ లోపల మనుషులు ఉండరాదు. పరుపులున్నాయి, కుర్చీలున్నాయి, కిటికీలున్నాయి. అయినా అందరూ ముందు పికప్పులోనే నడుముకు పట్టీ బిగించుకుని కూర్చోవాలి. కొన్ని రాష్ట్రాల్లో అది చట్టం. చట్టం లేనిచోట కూడా తెలివైనవాడు చేసే పని అదే. ఎందుచేతనంటే వెనక లాగబడే బండి తన ఇష్టాన నడవదు, తన ఇష్టాన ఆగదు.

మన ట్రక్కు సంగతి

మనవైపు ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని ట్రక్కు అంటాం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు కాయలు చేరడానికీ, ధాన్యానికీ, ఇసుకకూ అదే ఆధారం. పైన చెప్పిన శాస్త్రమంతా దానికీ వర్తిస్తుంది. తొట్టిలో బరువు వెనక్కి పోతే హుక్కు పైకి తన్నుతుంది. ట్రాక్టరుకు దాని హుక్కు వదిలేసి ఇరుసుకన్న ఎత్తున తాడో గొలుసో కట్టి లాగిస్తే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ట్రక్కుకు సొంత బ్రేకు లేకపోతే, ఏటిగట్టు మీదినుంచి రేవులోకి దిగే వాలులో ట్రక్కే ట్రాక్టరును తోస్తుంది. అడ్డం తిప్పి పడేస్తుంది. రాత్రివేళ వెనక ఎర్రదీపమో, కనీసం వెలుగుపడితే మెరిసే ఎర్రబిళ్ళలో లేని ట్రక్కు రోడ్డుమీద ఆగి ఉంటే, వెనక వచ్చే మోటారు సైకిలువాడికి అది దగ్గరకు వచ్చేదాకా కనిపించదు.

అయినా పెళ్ళి అంటే ట్రక్కు, తీర్థం అంటే ట్రక్కు, కూలిపనికి ట్రక్కు. పట్టుకోవడానికి కమ్మీలేని తొట్టిలో ఆడవాళ్ళూ పిల్లలూ కిక్కిరిసి కూర్చుంటారు. సరుకు బండిలో జనాన్ని ఎక్కించకూడదని చట్టం మనకూ ఉంది. చట్టం మాట అలా ఉంచండి. మనిషి బరువు ధాన్యపు బస్తాలాగా ఒకచోట ఉండదు. మలుపులో అందరూ ఒక పక్కకు ఒరుగుతారు, గతుకులో అందరూ ఒకసారి ఎగురుతారు. తక్కెడ ఒక్క క్షణంలో మారిపోతుంది. ట్రక్కు బోల్తా పడితే లోపలివాళ్ళు దానికిందే ఉంటారు.

ట్రాక్టరు యజమాని పెద్ద ఖర్చులేకుండా చేయగలిగిన పనులు నాలుగున్నాయి. హుక్కు పిన్నుకు ఊడిపోకుండా సీల వేయడం. పిన్ను విరిగినా ట్రక్కు విడిపోకుండా ట్రాక్టరుకూ దానికీ గట్టి గొలుసు కట్టడం. వెనక ఎర్రబిళ్ళలు అతికించడం. బరువును ఇరుసుకు కాస్త ముందుగా సర్దించడం. అయిదోది మాత్రం ట్రాక్టరు మాట్లాడుకునేవారి చేతిలో ఉంది. సామానుకు ట్రక్కు మాట్లాడుకోండి. పెళ్ళివారికి బస్సు మాట్లాడండి. బాడుగ కొంచెం ఎక్కువవుతుంది. పంటు మీద దాటవలసివస్తే మనుషులు ముందే దిగి బల్లమీద నడిచి ఎక్కండి, ట్రక్కును ఖాళీగా ఎక్కించండి.