ఉపకారం ఉరి కారాదు

ఫిలిప్పీన్స్ ప్రజల్లో అత్యధికులు క్యాథలిక్కులు. అక్కడ పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చేటప్పుడు తల్లిదండ్రులు ఒక జ్ఞానతండ్రిని, జ్ఞానతల్లిని ఎన్నుకుంటారు. వారిని 'నినోంగ్', 'నినాంగ్' అంటారు. బిడ్డ దేవుని భయభక్తుల్లో పెరగడానికి తోడుంటామని వారు మాటిస్తారు. 1565లో మొదలై 1898 దాకా సాగిన స్పెయిన్ పాలనలో ఈ ఆచారం అక్కడ వేళ్లూనుకుంది. మన సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాల్లోనూ శిశు బాప్తిస్మ వేళ జ్ఞాన తల్లిదండ్రులు నిలబడతారు.

అయితే అక్కడ ఆ బంధం బిడ్డతో ఆగదు. బిడ్డ తండ్రి, జ్ఞానతండ్రి ఆనాటి నుండి ఒకరికొకరు 'కుంపారే' అవుతారు. అంటే బంధువులతో సమానం. అందుకే ఎందరో పేదలు తమ బిడ్డకు భూస్వామినో, మేయరునో నినోంగ్‌గా కోరుకుంటారు. పెళ్లిళ్లలోనూ అంతే. జబ్బు చేసినా, కొడుక్కి ఉద్యోగం కావాలన్నా, ఇంట్లో చావు జరిగినా ఆ పెద్దాయన గుమ్మమే దిక్కు. అలా పొందిన మేలును 'ఉతాంగ్ నా లోఒబ్' అంటారు. మనసు పడిన ఋణమని దాని భావం. డబ్బుతో తీరని ఆ ఋణాన్ని చాలామంది ఓటుతో తీర్చుకుంటారు. అలా తండ్రి తర్వాత కొడుకు, భర్త తర్వాత భార్య పదవుల్లోకి వస్తారు. రాజకీయ వంశాలను నిషేధిస్తామని 1987 నాటి రాజ్యాంగం చెప్పింది. కానీ వాటిని నిర్వచించే చట్టం ముప్ఫై ఏళ్లు దాటినా రాలేదు. చట్టం చేయవలసిన సభలో ఆ కుటుంబాలవారే కూర్చున్నారు మరి!

కృతజ్ఞత పాపమా? కాదు. వేరే దిక్కులేక గుమ్మం తొక్కిన పేదవాణ్ణి తప్పుపట్టలేము. అతని కష్టాన్ని తన పెట్టుబడిగా మార్చుకున్నవాడిదే తప్పు. దేవుని సన్నిధిలో చేసిన ప్రమాణం అతని చేతిలో అప్పుల చిట్టా అయింది.

తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్న రాత్రి యేసుప్రభువు ఈ విషయమే ఎత్తాడు. జనులపై పెత్తనం చేసే రాజులు ఉపకారులనిపించుకుంటారని, తన శిష్యులు మాత్రం అలా ఉండరాదని హెచ్చరించాడు (లూకా 22:25-26). విందు చేస్తే, తిరిగి పిలవలేని బీదలనే పిలవమన్నాడు (లూకా 14:12-14). మన ఋణమంతా సిలువపై తీర్చిన ఆయన ఎవరినీ చేతులు కట్టించి నిలబెట్టలేదు. తానే తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు.

మనమెవరికైనా ఫీజు కట్టామా? ఉద్యోగం ఇప్పించామా? సంఘ ఎన్నికలప్పుడు దాన్ని గుర్తుచేయకుందాం. మేలు పొందినవారు మనకు కృతజ్ఞులు కావచ్చు, కానీ వారి మనస్సాక్షికి యజమాని దేవుడొక్కడే!