టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ: ఎక్కడ జరుగుతుంది? మీ పిల్లల క్లాసులో ఏం మారాలి?

‘రేపు మా టీచర్‌కి ట్రైనింగ్ అంట, బడి లేదు’ అని పిల్లలు ఇంటికొచ్చి చెబితే చాలామంది తల్లిదండ్రులు దాన్ని ఇంకో సెలవు కిందే లెక్కేస్తారు. టీచర్లలోనూ కొందరికి అదొక హాజరు పట్టీ వ్యవహారమే. కానీ నాలుగో తరగతి వచ్చినా పేరా చదవలేని పిల్లాడి విషయంలో ఏదైనా మారాలంటే, పాఠం చెప్పే పద్ధతి మారాలి. ఆ పద్ధతి నేర్పాల్సింది ఈ శిక్షణలే.

50 గంటల లెక్క ఎక్కడిది?

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో పాల్గొనాలని చెప్పింది. హెడ్‌మాస్టర్లకూ, ప్రిన్సిపాళ్లకూ అంతే. వారికి బోధనతో పాటు బడిని నడిపే పద్ధతులు కూడా నేర్పాలి. దీన్నే సీపీడీ అంటున్నారు, అంటే నిరంతర వృత్తి వికాసం. బీఈడీ, డీఈడీ ఉద్యోగానికి ముందు చదివేవి. సీపీడీ ఉద్యోగం వచ్చాక, రిటైరయ్యే వరకూ సాగేది.

రోజుకు ఆరు గంటల చొప్పున చూస్తే 50 గంటలంటే ఎనిమిది, తొమ్మిది రోజులు. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. శిక్షణ మొత్తాన్ని పనిదినాల్లోనే పెడితే పాఠాల్లో సుమారు 5 శాతం సమయం పోతుంది. వేసవిలో పెడితే ఆ రోజులకు సంపాదిత సెలవులు ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు అడుగుతాయి. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు శిక్షణకు వెళితే ఐదు తరగతులూ రెండోవారి మీదే పడతాయి. ఒకే టీచరున్న బడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఎవరు ఇస్తారు?

ప్రభుత్వ బడుల విషయంలో రాష్ట్ర స్థాయిలో ఎస్‌సీఈఆర్‌టీ, జిల్లాలో డైట్ కళాశాల, ఖర్చు వైపు సమగ్ర శిక్ష. మండలానికి దిగితే కాంప్లెక్స్ సమావేశాలు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట చేరి సబ్జెక్టుల వారీగా కూర్చునేవి ఇవి. పిల్లలు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారంటే కొన్నిసార్లు కారణం ఇదే.

కేంద్రం వైపు నుంచి నిష్ఠా ఉంది. ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయిలో సుమారు 42 లక్షల మందికి శిక్షణ లక్ష్యంగా 2019 ఆగస్టులో మొదలైంది. కరోనాతో బడులు మూతపడ్డాక ఆన్‌లైన్‌కు మారింది. 2020 జులైలో తొలి ఆన్‌లైన్ నిష్ఠా కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతోనే ప్రారంభించారు. ఈ కోర్సులు దీక్షా యాప్‌లో ఉంటాయి. టీచరు వీడియోలు చూసి, పాఠ్యాంశాలు చదివి, చివర్లో పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వస్తుంది.

సీబీఎస్ఈ బడుల్లోనూ 50 గంటలు తప్పనిసరే. అందులో 25 గంటలు సీబీఎస్ఈ లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగతా 25 గంటలు బడిలోనే లేదా చుట్టుపక్కల బడులతో కలిసి. స్టేట్ సిలబస్ ప్రైవేటు బడుల దగ్గరే పెద్ద ఖాళీ కనిపిస్తుంది. టీచర్ల అర్హతల నిబంధన వీటికీ వర్తిస్తుంది. ఏటా శిక్షణ మాత్రం ఎక్కువగా యాజమాన్యం ఇష్టాన్ని బట్టే నడుస్తోంది. పుస్తకాలు అమ్మే కంపెనీ మనిషి వచ్చి రెండు గంటలు మాట్లాడి వెళితే దాన్నే ట్రైనింగ్ అనుకునే బడులూ ఉన్నాయి.

శిక్షణ అయినా క్లాసు ఎందుకు మారదు?

అసలు చిక్కు ఇక్కడుంది. మన దగ్గర ఎక్కువగా నడిచేది మెట్ల పద్ధతి. రాష్ట్ర స్థాయిలో నిపుణులు కొందరికి నేర్పుతారు. వాళ్లు జిల్లా రిసోర్స్ పర్సన్లకు, జిల్లా వాళ్లు మండల రిసోర్స్ పర్సన్లకు, వాళ్లు టీచర్లకు. వేలమందికి తక్కువ రోజుల్లో చేరాలంటే ఇదే సులువైన దారి. కాకపోతే ఒక్కో మెట్టు దిగే కొద్దీ సరుకు పలచబడుతుంది. పైన చేతులతో చేసి చూపించింది కిందికొచ్చేసరికి ప్రొజెక్టర్ మీద స్లైడ్ అవుతుంది.

భిన్నాలనే తీసుకోండి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు నాలుగో వంతే అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. తప్పని కొట్టేసి నియమం చెబితే పిల్లాడు పరీక్ష వరకు గుర్తుపెట్టుకుంటాడు. అలా ఎందుకనుకున్నావని ముందు అడిగి, రెండు సమానమైన కాగితం ముక్కలిచ్చి ఒకదాన్ని మూడు భాగాలుగా, ఇంకోదాన్ని నాలుగు భాగాలుగా మడిచి పోల్చమంటే వాడికే తెలుస్తుంది. మంచి శిక్షణలో టీచర్లు స్వయంగా ఆ కాగితాలు మడుస్తారు, పిల్లలు ఏ సమాధానాలు చెబుతారో ముందే ఊహిస్తారు. నాసిరకం శిక్షణలో ‘కృత్యాధార బోధన చేయాలి’ అన్న వాక్యం రాసుకుని వస్తారు.

అంతకంటే ముఖ్యం తర్వాతి రెండు వారాలు. ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసి, ‘ఇక్కడ మీరే జవాబు చెప్పేశారు సార్, పిల్లలకి ఇంకాసేపు టైమిచ్చి చూడండి’ అని చెబితే ఆ పద్ధతి నిలబడుతుంది. మన దగ్గర తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది ఎక్కువగా రికార్డులే. యాప్‌లో కోర్సు పూర్తయిన శాతం డ్యాష్‌బోర్డులో కనిపిస్తుంది, క్లాసు మారిందో లేదో కనిపించదు. వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క ఇంకేదో పని చేసుకునే టీచర్లు లేకపోలేదు. అయితే తప్పంతా వాళ్ల మీదకు నెట్టలేం. ఏ సబ్జెక్టులో ఇబ్బంది ఉందో అడగకుండా అందరికీ ఒకే కోర్సు పంపుతుంటే ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? టీచర్ల సొంత ఆసక్తుల మేరకు ఈ గంటలు సాగాలని విద్యా విధానమే చెబుతోంది.

తెలంగాణలో 2022లో 1 నుంచి 5 తరగతుల కోసం మొదలైన తొలిమెట్టు లాంటివి చదవడం, రాయడం, లెక్కలు అనే గట్టి లక్ష్యంతో రావడం ఈ విషయంలో మెరుగు. ఏం నేర్పాలో స్పష్టంగా ఉంటే ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

టెట్‌కూ దీనికీ సంబంధం ఉందా?

లేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 1 నుంచి 8 తరగతులకు చెప్పే, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు, పదోన్నతికి మాత్రం టెట్ కావాలి. ఎన్ని గంటల శిక్షణ తీసుకున్నా, ఎన్ని సర్టిఫికెట్లున్నా టెట్‌కు బదులు కావు.

తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. టీచరు శిక్షణకు వెళ్లిన రోజు క్లాసు ఎవరు చూస్తున్నారో కమిటీ సమావేశంలో అడగవచ్చు. ప్రైవేటు బడిలో అయితే ఫీజు కట్టేటప్పుడో, పేరెంట్స్ మీటింగ్‌లోనో కనుక్కోవచ్చు. ‘మీ టీచర్లకు ట్రైనింగ్ ఉందా’ అంటే అందరూ ఉందనే చెబుతారు. ‘పోయినసారి ట్రైనింగ్ తర్వాత లెక్కల క్లాసులో కొత్తగా ఏం చేస్తున్నారు’ అని అడగండి.