బదనికకు ముందు తేనె పెట్టాలర్రా!

ఇలా దగ్గరికి జరగండర్రా. కోనసీమ కొబ్బరి తోటల్లో నల్లముట్టె పురుగు పడితే ఎలా ఉంటుందో తెలుసా? ఆకు అడుగున పట్టుదారంతోనూ తన పెంటతోనూ గూడు అల్లుకుని, అందులో దాక్కుని పచ్చదనమంతా గీకేస్తుంది. ఆకులు మాడిపోతాయి. అంత చెట్టెక్కి ఎవరు మందు కొడతారు చెప్పండి!

దానికీ ఒక మొగుడున్నాడు, పేరు గోనియోజస్. మొగుడన్నానే గానీ, పని చేసేదంతా ఆడదే. మూడు నాలుగు మిల్లీమీటర్ల నల్లటి కందిరీగ. గూట్లోకి దూరి, పురుగుని కుట్టి కదలకుండా చేసి, దాని ఒంటి మీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ పురుగు రసం పీల్చి పెరుగుతుంటే తల్లి పక్కనే కాపలా కాస్తుంది. ఇలాంటివాటినే బదనికలంటారు. ల్యాబుల్లో వీటిని బియ్యంలో ముద్దముద్దలుగా గూళ్లు కట్టే పురుగు మీద పెంచి రైతులకిస్తారు.

అసలు సంగతి ఇప్పుడొస్తోంది. పురుగేమో పిల్లల భోజనం. తల్లికి కావాల్సింది తీపి! ఇలాంటి బదనిక కందిరీగల్లో చాలావాటికి పెద్దయ్యాక చక్కెరని కొవ్వుగా మార్చి దాచుకునే శక్తి లేదు. చిన్నప్పటి నిలవ తరిగిపోతే అంతే సంగతులు. అందుకే కూలీలకు చద్దన్నం పెట్టి చేలోకి పంపినట్టు, వీటికి తేనె పెట్టి మరీ తోటకి పంపాలి. పరగడుపున వదిలితే పురుగుని వెతకడం మాని తిండి వెతుక్కుంటాయి, దొరక్కపోతే చస్తాయి.

నీళ్లు కలిపిన తేనెలో దూది తడిపి, పిండేసి, బదనికలున్న గాజు గొట్టంలో పెడతారు. చుక్క కారిందా, రెక్కలంటుకుని అందులోనే పోతాయి. ఈగ మీసాలాడిస్తూ వచ్చి, దూదిని తట్టి చూసి, తలొంచి నాకడం మొదలెడుతుంది. ఎంతసేపు చూసినా విసుగెయ్యదనుకోండి! మగవాటినీ కలిపే ఉంచుతారు. ఎందుకంటే జతకట్టని ఆడది పెట్టే గుడ్లలోంచి మగవే వస్తాయి, వాటితో మనకేం పని?

ఇంకో చమత్కారం వినండి. ల్యాబులో పుట్టినదానికి నల్లముట్టె వాసనే తెలీదు కదా! అందుకని వదిలేముందు ఆ పురుగు గూటి వాసన చూపిస్తారు. తోటలో అదే వాసన పట్టుకుని పోతుంది. పాపం పురుగు, దాక్కుందామని కట్టుకున్న ఇల్లే దాని ఆచూకీ చెప్పేస్తుంది.

మీ నాన్నలకి ఒక్కమాట చెప్పండర్రా. బదనికలు వదిలిన తోటలో పురుగుమందు కొట్టొద్దనండి. ముందు చచ్చేవి ఇవే.