గచ్చు పని: రోజుకూలియా, గుత్తయా?

సుల్తాన్ బజారు సందులలో పాత యిల్లు గల గృహస్థునకు ఏదో యొకనాడు ఈ సమస్య యెదురుకాక తప్పదు. బండలు క్రుంగినవి, దర్జులు విడినవి, క్రొత్త టైల్సు పరపించవలెను. మేస్త్రి వచ్చి గది నాలుగు మూలలు చూచి, "సారూ, రోజుకూలి మీద చెయ్యమంటరా, ఫీటుకింతని గుత్తకిస్తరా?" అని అడుగును. ఇంటివారు వెంటనే రెంటిలో ఏది చౌక యని లెక్క వేయుదురు. మా దృష్టిలో ముందు అడుగవలసినది వేరు. అనుకొన్నదానికంటె పని ఎక్కువ రోజులు పట్టినచో ఆ నష్టము ఎవరు భరించవలెను?

అంకెలతో చూతము. ఇవి బజారు ధరలు కావు, కేవలము లెక్క కొఱకు అనుకొన్నవి. గది పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అనగా 120 చదరపు అడుగులు. మేస్త్రికి రోజుకు 1,100 రూపాయలు, చేతిక్రింది కూలికి 700, మొత్తము 1,800. ఇద్దరును దినమునకు 60 అడుగులు పరచినచో రెండు రోజులలో 3,600 రూపాయలతో పని ముగియును. అదే పనిని అడుగుకు 35 రూపాయల చొప్పున గుత్తకిచ్చినచో 4,200 అగును. ఈ 600 రూపాయల హెచ్చు మేస్త్రి దురాశ యనుకొనరాదు. అది యజమాని నిశ్చింతకు చెల్లించు వెల.

మూడవ రోజు పట్టినదనుకొందము. రోజుకూలి యైనచో ఖర్చు 5,400; ఆ భారము యజమానిది. గుత్త యైనచో మేస్త్రికి వచ్చునది అదే 4,200. అందులో చేతిక్రింది కూలికి మూడు దినములకు 2,100 ఇచ్చివేయగా మిగిలినది 2,100, రోజుకు 700. ఏండ్ల తరబడి రసమట్టము పట్టి పని నేర్చినవాడు ఇసుక మోసినవారితో సమానముగా ఇంటికి పోవును. అందుచేతనే మూడవ రోజు రాకుండ చేయవలెనని అతని చేతులు తొందరపడును.

పాశ్చాత్య దేశములలో గంటల లెక్కన కట్టు పద్ధతి కలదు గాని మనవద్ద దినమే కొలత. ప్రభుత్వపు పనులలోను ఈ రెండు దారులు ఉన్నవి: రోజుల హాజరు మస్టరు రోలులో, జరిగిన పని కొలతల పుస్తకములో ఎక్కును. 1948 నాటి కనీస వేతనముల చట్టము కాలమును బట్టి యిచ్చు కూలికి, పనిని బట్టి యిచ్చు కూలికి కూడ కనీసపు రేట్లు నిర్ణయించుటకు వీలు కల్పించినది. పని లెక్కన చేయువానికి కాలము లెక్కను ఇంతకు తగ్గరాదను హామీ రేటునకును అందు చోటుండెను. 2019 లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతియు ఈ రెండు విధములను గుర్తించినది. అయితే ఒక్క గది గుత్త పట్టిన మేస్త్రికి ఇట్టి హామీ చేరుట అరుదు. లాభము వచ్చిన నాడు అతడు చిన్న కంట్రాక్టరు, నష్టము వచ్చిన నాడు కూలివాడు.

ఇక సుల్తాన్ బజారు ప్రత్యేకత. బ్రిటిషు రెసిడెన్సీ చుట్టును పెరిగి, రెసిడెన్సీ బజారుగా పేరొంది, 1933 లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చిన పేట యిది. ఇచటి పాత యిండ్లలో షాబాదు బండ లేపువరకు క్రింద ఏమున్నదో చెప్పుట కష్టము. గట్టి సున్నపు గచ్చు ఉండవచ్చును. ఎలుక బొరియలతో గుల్లయైన మట్టి ఉండవచ్చును. ఎవరికిని గుర్తులేని పాత తూము బయటపడవచ్చును. పైగా జనసమ్మర్దము వలన పగటివేళ సరుకు బండి సందులోనికి వచ్చుట కష్టము. ఇసుక రాక మేస్త్రి గడపమీద కూర్చున్న పూట ఎవరి లెక్కలోనిది? రోజుకూలి యైనచో మనది, గుత్త యైనచో అతనిది. సరుకు తెప్పించు బాధ్యత మనదే యైనప్పుడు ఆ పూట నష్టము అతనిపై వేయుట న్యాయము కాదు.

వస్తువును బట్టియు బేరము మారవలెను. యంత్రముపై తయారైన టైల్సు ఒకే మందమున నుండును. దినమునకు ఎంత పరచవచ్చునో మేస్త్రి ముందే చెప్పగలడు. ఇట్టిదానికి గుత్త తగును. షాబాదు, తాండూరు బండలు అట్లు కావు. ఒకటి మందము, ఒకటి పలుచన. ప్రతి బండకును క్రింది మాలు హెచ్చుతగ్గులు చేసి మట్టము చూడవలెను. పాత బండల నడుమ విరిగిన నాలుగింటిని మార్చి దర్జు కలుపుట మరియు ఓపిక పని. దానిని గుత్తకిచ్చుట తొందరను కొని తెచ్చుకొనుటయే.

తొందర జాడ పైకి కనబడదు. టైలు క్రింద మాలు నిండుగా పరువక మూలలలో ముద్దలు పెట్టి అదిమినచో నడుమ గుల్ల మిగులును. బరువైన వస్తువు పడిన నాడు అచటనే పగులును. కఱ్ఱతో తట్టినచో బోలు చప్పుడు పలుకును. విట్రిఫైడు టైల్సు నూటికి అరపాలు మించి నీరు పీల్చవు గనుక వట్టి సిమెంటు పాలు వానిని గట్టిగా పట్టదు. తగిన అంటు మసాలా వాడవలెను. గుత్తలో ఆ ఖర్చు ఎవరిదో ముందుగా మాటలాడనిచో మసాలా మాయమగును. రోజుకూలిలో జాడ్యము వేరు. అది టీ నీళ్లలోను, బీడీ పొగలోను కొంతసేపు కనబడును. అయినను వారు కొంచెము నడుము వాల్చుటను దొంగతనముగా చూచు యజమానులతో మేము ఏకీభవింపము.

మా సలహా పనిని రెండుగా చీల్చుటయే. పాత నేల తీయుట, క్రింది మట్టి సరిచేయుట రోజుకూలి మీద జరుగవలెను; ఆ లోపల ఏమున్నదో మేస్త్రికిని తెలియదు, మనకును తెలియదు. నేల బయటపడి మట్టము కుదిరిన తరువాత పరుపుడు పని అడుగు లెక్కన గుత్తకిచ్చుట మేలు. గోడ వెంబడి అంచుపట్టీ, మెట్ల అంచులు, గడప, కోతలో పోవు ముక్కలు అడుగు లెక్కలో చేరునో లేదో ఒక చీటీపై వ్రాసికొనవలెను. మధ్యలో "ఆ వసారా కూడ చేసెయ్యి" అనుట సులువే గాని దానికి వేరు ధర అప్పుడే తేల్చవలెను.

రొక్కము పని సాగినకొలది ఇచ్చుట మంచిది. చేతిక్రింది కూలివారికి ఏనాటి కూలి ఆనాడే ముట్టునట్లు మేస్త్రితో ముందుగా మాట తీసికొనవలెను. కొంత మొత్తము మాత్రము చివరకు నిలుపుకొని, స్నానపు గదిలో రెండు బిందెల నీరు కుమ్మరించి చూడవలెను. నీరు ఎచటను నిలువక తూము దారి పట్టినచో మిగిలినది ఆ పూటనే చెల్లించవలెను.